బావమరిది నిబంధన

ఏప్రిల్ 3, గురువారం

నిన్న ఈ డైరీలో నువ్వు రాసిన ఆఖరి రెండు వాక్యాలూ తప్పు, పెద్దావిడా. "కోచ్ పదవికి ముగ్గురు దరఖాస్తు పెట్టారు. ముగ్గురూ నాకు ముక్కూ మొహం తెలియనివాళ్ళే కాబట్టి ఈసారి ప్రశాంతంగా ఓటు వేయొచ్చు" అని రాశావు. ముగ్గురు కాదు, నలుగురు. నాలుగో మొహం నాకు బాగా తెలుసు. అది పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనే.

మనవరాలు ఈ పొద్దున టీ కలుపుకుంటూ చెప్పింది. "అమ్మమ్మా, ఆ చక్కెర డబ్బా ఇటివ్వు. కోచ్ పోస్టుకి నేనూ అప్లై చేశాను" అంది. రెండు మాటలకీ ఒకటే బరువు అన్నట్టు.

"ఏ జట్టుకి?"

"మన పెద్ద జట్టుకే."

"జూనియర్లు చాల్లేదా?"

"నాలుగేళ్ళు చాలారు."

వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, మందుల షాపుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "గెలిస్తే జెర్సీలు ఇంకెక్కడైనా ఆరేసుకుంటావా?" అంది. మా అమ్మాయికి ఫుట్‌బాల్ అంటే బాల్కనీ నిండా తడిబట్టలు.

నేను "మంచిది" అన్నాను. అంతే అన్నాను. తర్వాత చక్కెర డబ్బా ఫ్రిజ్‌లో దొరికిందట. అది వేరే సంగతి.

సంతోషం కాదు. గర్వం అసలే కాదు. నలభై ఒక్క ఏళ్ళుగా ఈ క్లబ్బులో సభ్యురాలిని. పదిహేడుమంది కోచ్‌లను చూశాను, పదహారుమందిని తిట్టాను. పదిహేడో ఆయన మూడు వారాలకే రాజీనామా చేశాడు, నాకు వ్యవధి చాల్లేదు. ఎవరైనా నాకొకటే. పక్షపాతం నా ఒంట్లో లేదు.

చిక్కు వేరే ఉంది. మాది సభ్యుల క్లబ్బు. పైన యజమాని లేడు. కోచ్‌ని మేమే సభ పెట్టి, నిలదీసి, ఓట్లేసి ఎన్నుకుంటాం. ఆ నిబంధనలన్నీ నేనే రాశాను. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వానికి చట్టాల ముసాయిదాలు రాసిన చెయ్యి, దురద ఊరుకోదు. వాటిలో పద్నాలుగోది ఇది:

"అభ్యర్థికి సభ్యులలో దగ్గర బంధువు ఉన్నయెడల, సదరు బంధువు ఓటు వేయరాదు. అభ్యర్థిని మొదటి ప్రశ్న అడగవలసిన బాధ్యత సదరు బంధువుదే. ఆ ప్రశ్న మెత్తనిదని సభ్యులు పాదఘోషతో తెలిపినయెడల అభ్యర్థిత్వం రద్దగును."

అందరూ దీన్ని బావమరిది నిబంధన అంటారు. పంతొమ్మిదేళ్ళ కిందట మా కోశాధికారి తన బావమరిదిని కోచ్‌గా నిలబెట్టాడు. తనే లేచి, "ఆటంటే మీకెందుకంత ప్రేమ?" అని అడిగాడు. బావమరిది కళ్ళు ఒత్తుకున్నాడు, సభ కరిగి నీరైంది. ఆ ఏడే కింది డివిజన్‌కి జారిపోయాం. ఆ మంటలో ఒక్క సాయంత్రం కూర్చుని రాసేశాను. తర్వాత ఒకేసారి అవసరం పడింది. ఒక తండ్రి కొడుకుని "కష్టపడి పనిచేస్తావా నాయనా?" అని అడిగాడు. హాలంతా చెక్కనేలని దడదడ తన్నింది. కొడుకు ఇంటికెళ్ళాడు. మొదట తన్నిన కాలు నాది.

ఏప్రిల్ 4, శుక్రవారం

నిబంధన మళ్ళీ చదివాను, సందు ఏమైనా దొరుకుతుందేమోనని. "దగ్గర బంధువు" అనే మాటకి నిర్వచనం కూడా ఇచ్చాను: మనవలు, మనవరాళ్ళతో సహా. ఇంత బాగా ఎందుకు రాశాను!

ఏప్రిల్ 6, ఆదివారం

ఆట ఒకటి–ఒకటి. ఆట సంగతి ఎవడిక్కావాలి, అసలు ఆట తర్వాత క్యాంటీన్లో జరిగింది.

కండక్టర్ నా పక్కసీటు మనిషి. పాతికేళ్ళుగా తూర్పు మెట్ల మీద నా మోచేతి పక్కనే ఉంటాడు. బస్సు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా మనుషుల్ని ముందుకి జరగమనే గొంతు పోలేదు. "అక్కయ్యగారూ, కోచ్ ఎవడైనా కానీండి. గోడకి రెండేళ్ళ కాంట్రాక్ట్ ఇవ్వాల్సిందే. ఇవ్వనివాణ్ణి వచ్చే స్టాపులో దింపేయడమే."

గోడ అంటే మా డిఫెండరు. పదమూడేళ్ళుగా మా గోల్ ముందు నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళు. కాంట్రాక్ట్ మే నెలాఖరుతో సరి. ఫిబ్రవరిలోనే రెండువందల పదకొండు మంది సంతకాలు చేసి కమిటీకి ఇచ్చాం. మొదటి సంతకం నాది, కింద గీత కూడా గీశాను.

పళ్ళ డాక్టరు మా అధ్యక్షుడు. "ముప్పై ఆరేళ్ళ మోకాళ్ళకి రెండేళ్ళా? నేను కట్టే పళ్ళకే అంత గ్యారంటీ ఇవ్వను" అన్నాడు.

"మీరు కట్టిన పన్ను మూడు నెలలకే ఊడి టీలో పడింది. గ్యారంటీల గురించి మీరు మాట్లాడకండి డాక్టరుగారూ" అన్నాడు కండక్టర్.

"నేను గట్టివి నమలొద్దన్నాను."

"నమల్లేదు, కోచ్‌ని తిట్టాను."

ఆ తర్వాత మాట కొత్త అభ్యర్థుల మీదికి మళ్ళింది. అందరి ఆశా దరఖాస్తు ఫొటోలో టై కట్టుకున్న ఒకాయన మీదే. పై డివిజన్లో రెండేళ్ళు సహాయకుడిగా చేశాడు, తెర మీద బాణాలు గీసి చూపిస్తాడు. మా పిల్ల సంగతి వచ్చేసరికి గొంతులు తగ్గించారు, నేను అక్కడే ఉన్నానని. వెనక బల్ల నుంచి ఒకాయన మాత్రం తగ్గించలేదు. "అది కాదండీ, ఆడపిల్ల డ్రెస్సింగ్ రూములోకి ఎలా వెళ్తుంది?"

"తలుపు తట్టి" అన్నాను.

కండక్టర్ నవ్వాడు. నవ్వి, నా వైపు వంగి, "అమ్మాయికి నా ఓటుంది అక్కయ్యగారూ. గోడకి రెండేళ్ళు ఇస్తానంటే చాలు" అన్నాడు. ఇంకో ముగ్గురు అదే అన్నారు. లెక్కగడితే ఈ పందెం గెలిచేసినట్టే.

ఏప్రిల్ 8, మంగళవారం

మనవరాలి నోట్‌బుక్ బల్ల మీద తెరిచి ఉంది. నేను చూడాలని చూడలేదు. వచ్చే సీజన్ జట్టు గీసి పెట్టుకుంది. గోడ ఉండాల్సిన చోట వేరే ఇద్దరి పేర్లు, పక్కన ప్రశ్నార్థకాలు. కింద గోడ పేరు, దాని ఎదురుగా రెండే మాటలు: మే వరకే.

ఏప్రిల్ 9, బుధవారం

నిన్నటిదానికి సవరణ. నోట్‌బుక్ తెరిచి లేదు. మూసి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ప్రశ్న తయారైంది. గట్టిదే. "ఈ సీజన్లో కార్నర్ కిక్కుల మీద మనం పదకొండు గోల్స్ తిన్నాం. జూనియర్లతో పాటు పెద్ద జట్టుకి ఆ విభాగం చూసే సహాయకురాలు మీరే. దీనికి జవాబుదారీ ఎవరు?" పదకొండు గోల్సూ తేదీలతో సహా రాసుకున్నాను. మనవరాలి మీద పదకొండు నేరాలు మోపే అమ్మమ్మని ఎవరు మెత్తన అంటారు?

సాయంత్రం దానికి చదివి వినిపించాను. నిబంధనలో వినిపించకూడదని ఎక్కడా లేదు, చూశాను.

అది బూట్ల మట్టి గీకుతూ విన్నది. "మంచి ప్రశ్నే. జవాబు కూడా నా దగ్గరుంది."

"అందుకే మంచిది."

"అందుకే మెత్తనిది, అమ్మమ్మా."

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. అది బూటు కింద పెట్టింది.

"నా నోట్‌బుక్ బ్యాండు ఎడమ పక్కకి వేశావు. నేను కుడి పక్కకి వేస్తాను."

ఇక దాచేదేముంది? సభలో ఎవరో ఒకరు గోడ గురించి అడుగుతారే, అడిగితే ఏం చెప్తావ్ అన్నాను. నిజం చెప్తానంది. నిజం చెప్పడానికి తొందరేముంది, కాంట్రాక్టులు మే నెలలో కదా, ఓట్లు ఏప్రిల్లో అన్నాను. కుర్చీ ఎక్కాక చెప్పొచ్చు. ఈలోగా ఎవరడిగినా "సభ్యుల మనోభావాలను గౌరవిస్తూ, తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకుంటాం" అని చెప్పమన్నాను. చక్కటి వాక్యం. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"అందులో నిజం ఎన్ని అక్షరాలుంది?" అంది.

తిట్టాను. నీ వయసులో నాకూ ఇలాగే ఉండేది, మూడు ప్రమోషన్లు పోయాయి అన్నాను. అది వచ్చి నా భుజం మీద గడ్డం పెట్టి, "ఆ మూడూ పోగొట్టుకున్న కథలే కదా చిన్నప్పుడు నాకు అన్నం తినిపిస్తూ చెప్పావు" అంది. ఎంత పొగరు! చేతులకి మట్టి, నా చీరకి అంటింది.

ఏప్రిల్ 12, శనివారం

కార్నర్ ప్రశ్నే అడుగుతాను. నిర్ణయం అయిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

రెండు–సున్నా గెలిచాం. గోడ ఒక బంతిని గీత మీదనుంచి తలతో తీసేశాడు. స్టాండంతా లేచి నిలబడింది, నేనూ లేచాను, నా మోకాళ్ళు కూడా ముప్పై ఆరేళ్ళవి అనుకున్నాయి.

కానీ ఈసారి దుర్భిణి తీసుకెళ్ళాను. బంతిని చూడలేదు, తొంభై నిమిషాలూ ఆయన్నే చూశాను. ఇదివరకు పెనాల్టీ గీత దగ్గర నిలబడేవాడు. ఇప్పుడు రెండడుగులు వెనక. వేగంగా వచ్చేవాణ్ణి వెంటాడలేనని ఆయనకి తెలుసు, అందుకని ముందే వెనక్కి తగ్గుతున్నాడు. ఆయన తగ్గితే పక్కనున్న ముగ్గురూ తగ్గాలి. మధ్యలో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోంచే కార్నర్లు, ఆ కార్నర్ల లోంచే నా పదకొండు గోల్స్. అంటే నేను మనవరాలి మీద మోపిన నేరాలన్నీ ఆయన మోకాళ్ళవి. ఆ పిల్లకి ఈ సంగతి తెలుసు. నేను పదకొండు తేదీలు చదువుతుంటే ఒక్క మాట ఆయన మీదికి తోయలేదు.

పక్కన కండక్టర్ చప్పట్లు కొట్టి కొట్టి, "చూశారా అక్కయ్యగారూ, గీత మీదనుంచి! ఇంకెవడు తీస్తాడు?" అన్నాడు.

గీత దాకా ఎందుకు రానిచ్చాడు అని అడగలేదు. అడిగితే సంతకం ఎందుకు పెట్టారంటాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

కార్నర్ ప్రశ్నే.

ఏప్రిల్ 17, గురువారం

మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఎందుకు రెండు పూటలా అద్దం ముందు నిలబడి నీలో నువ్వే గొణుక్కుంటున్నావ్?" అని. పిల్ల ఓడిపోతుందని నాకు దిగులేమీ లేదన్నాను. "నేనది అడగలేదే" అంది.

ఏప్రిల్ 19, శనివారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి దీన్ని కూడా నాకు నచ్చినట్టు సవరిస్తాను.

సభ పదకొండింటికి, స్టాండు కింద హాల్లో. మూడువందల రెండుమంది. తలుపు దగ్గర సంతకం చేస్తుంటే డాక్టరు నా సభ్యత్వ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటించాడు. ఓటు లేనివాళ్ళ గుర్తు. ఆ స్టిక్కర్ నమూనా కూడా నాదే. మూడో వరుస చివర గోడ కూర్చున్నాడు. ఆటగాళ్ళలో సభ్యత్వం కట్టినవాడు ఆయనొక్కడే. మామూలు చొక్కాలో మామూలు మనిషిలా ఉన్నాడు.

మొదటి ఇద్దరు అభ్యర్థులు వచ్చారు, పోయారు. మూడోవాడు టై ఆయన. బాణాలు బాగానే గీశాడు. కండక్టర్ లేచి, "బాణాలు సరే, గోడ సంగతేమిటి?" అన్నాడు.

టై ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆయన ఈ క్లబ్బు ఆస్తి. సభ్యుల మనోభావాలను గౌరవిస్తూ, తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకుంటాం" అన్నాడు.

చప్పట్లు మోగాయి. నేను మాత్రం కొట్టలేదు. ముప్పై రెండేళ్ళలో ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వంతెన కట్టమని అడిగినవాళ్ళకి, మూసేసిన బడి తెరవమన్నవాళ్ళకి, పింఛను ఆగిపోయినవాళ్ళకి. కొన ఊపిరితో ఉన్న ప్రతి విషయం మీదా ఆ దుప్పటి కప్పాను. ఇప్పుడు దాన్నే నా మనవరాలి నోట్లో పెట్టబోయాను. అదేమో పళ్ళు బిగబట్టి తల తిప్పుకుంది, పసితనంలో చేదుమందుకి తిప్పినట్టు.

నాలుగో అభ్యర్థి. నీలం చొక్కా, మెడలో ఈల. బూట్లు తుడుచుకుంది, అదొక్కటి నా మాట విన్నది. డాక్టరు గొంతు సవరించుకుని పద్నాలుగో నిబంధన చదివాడు. హాలంతా నా వైపు తిరిగింది. కాళ్ళు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. వాళ్ళంతా తన్నడానికి సిద్ధంగా ఉన్నారు. అలా తన్నడం వాళ్ళకి నేర్పింది నేనే.

కార్నర్ల కాగితం చేతిలో ఉంది. మడిచి సంచిలో పడేశాను. ధైర్యమని రాయను. ఆ కాగితంలో ఉన్నది ఆ పిల్ల చెయ్యని తప్పని తెలిసి కూడా చదవడానికి నోరు రాలేదు.

"అభ్యర్థిగారూ" అన్నాను. దాన్ని నలుగురిలో మొదటిసారి మీరు అన్నాను. "మన గోల్ ముందు పదమూడేళ్ళు నిలబడ్డ మనిషి కాంట్రాక్ట్ మే నెలలో అయిపోతుంది. పొడిగించమని ఈ హాల్లో రెండువందల పదకొండు మంది సంతకం చేశారు. మొదటిది నాది. ఆయనకి రెండేళ్ళు ఇస్తారా, ఇవ్వరా? ముందు ఒక్క మాటలో చెప్పండి. తర్వాత కారణం. మనోభావాల ఊసెత్తొద్దు."

ఒక్క కాలు కదల్లేదు.

మనవరాలు నా కళ్ళలోకి చూసింది. "ఇవ్వను, సభ్యురాలిగారూ" అంది.

గోల మొదలైంది. కండక్టర్ లేచి నిలబడి ఈల వేశాడు. మనవరాలు ఆగింది, అరవలేదు. గోల సద్దుమణిగాక, బోర్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసింది. ఒకటి మూడేళ్ళ కిందట మా రక్షణ నిలబడ్డ చోటు. రెండోది ఇప్పుడు నిలబడుతున్న చోటు. రెండింటి మధ్య దూరం ఎంతో అంకెతో చెప్పింది. "ఆయన తప్పు కాదు. ఆయన తెలివిగా ఆడుతున్నాడు కాబట్టే ఇంకా నిలబడగలుగుతున్నాం. కానీ జట్టు మొత్తం ఆయన మోకాళ్ళ వెనక దాక్కుంటోంది. ఇంకో రెండేళ్ళు దాక్కుంటే, ఆయన్ని మీరే ఇదే స్టాండులో తిడతారు. అది నేను చూడలేను."

"ఈ మాట ఆయన మొహం మీద చెప్పగలవా?" అన్నాడు కండక్టర్.

"చెప్పాను. బుధవారం వాళ్ళింటికెళ్ళి చెప్పాను. నేను ఓడిపోవచ్చు, అయినా ఈ సంగతి ఆయన ఈ హాల్లో మొదటిసారి వినకూడదు కదా బాబాయ్."

బుధవారం. నేను కార్నర్ ప్రశ్నే అని రాసుకున్న మర్నాడు. నేను ఏం అడుగుతానో నాకు తెలియకముందే దానికి తెలుసు.

ఇప్పుడందరూ మూడో వరుస చివరికి తిరిగారు. గోడ నెమ్మదిగా లేచాడు, ముందు కుర్చీ వీపు పట్టుకుని. "వచ్చింది, చెప్పింది. నేను టీ కూడా ఇవ్వకుండా పంపించాను" అన్నాడు. "నా ఓటు ఆ అమ్మాయికి పడదు. అది నా ఇష్టం. కానీ పెద్దావిడ అడిగింది మెత్తని ప్రశ్న అని ఎవరైనా నేల తంతే మాత్రం, నేను ఊరుకోను." కూర్చున్నాడు.

ఎవరూ తన్నలేదు.

ఓట్లు గంటన్నర లెక్కపెట్టారు. మొదటి ఇద్దరికీ కలిపి అరవై మూడు. టై ఆయనకి నూట పదిహేడు. మా పిల్లకి నూట ఇరవై ఒకటి. ఓటు వేయనిది నేనొక్కదాన్నే.

కండక్టర్ నా దగ్గరికొచ్చాడు. "నేను అమ్మాయికి వెయ్యలేదు అక్కయ్యగారూ" అన్నాడు. "చెయ్యి రాలేదు."

"నీ ఓటు నీది."

"మా ఇంటావిడ వేసింది. ఇంట్లో నన్ను బతకనివ్వదు." వచ్చే ఆదివారం ఆటకి నా పక్కసీటులోనే ఉంటావా అన్నాను. "ఇంకెక్కడికి పోతాను? అమ్మాయిని తిట్టాలంటే పక్కన ఎవరో ఒకరు వినాలి కదా" అన్నాడు.

మనవరాలు జనంలోంచి బయటపడి వచ్చింది. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపాను, మోకాళ్ళు జాగ్రత్త, అవి ఇంక క్లబ్బువి అన్నాను. "నేల తన్నుతారని భయపడ్డావా?" అంది.

"లేదు."

"నేను భయపడ్డాను" అంది. "నువ్వు కార్నర్లు చదివితే నేనే తన్నేదాన్ని."

ఏప్రిల్ 20, ఆదివారం

నలభై ఒక్క ఏళ్ళలో పద్దెనిమిదో కోచ్. పక్షపాతం లేకుండా రాస్తున్నాను: వాళ్ళందరిలోకీ ఈ పిల్లే మేలు. ఇంకా ఒక్క ఆట కూడా ఆడించలేదు, అయినా. రాశాను, కొట్టెయ్యను.

రేపు చెయ్యాల్సిన పని. మైదానం వెనక గేటు తాళంచెవి ఒక్కటే ఉంది, అది వాచ్‌మన్ దగ్గరుంటుంది. అతను ఆరున్నరకి గానీ రాడు. కోచ్ ఐదున్నరకే లోపలుండాలంటోంది. చెవి పళ్ళు అరిగిపోయాయి, దాన్ని చూసి నకలు తీయిస్తే పనికిరాదు. తాళమే విప్పి తీసుకెళ్ళి దానికి సరిపెట్టించాలి. తాళాలవాడు తొమ్మిదింటికి తెరుస్తాడు, పదకొండు తర్వాత రద్దీ. ఇత్తడిదే అడుగు, అల్యూమినియం వంగిపోతుంది. వాడు రెండు చెయ్యమంటారా అని అడుగుతాడు. రెండోది నీకెందుకు, ఒక్కటే అని చెప్పు.